రోతమందు

ఆ రోజుల్లో పెద్దవాళ్ళందరూ పొద్దున్నే పళ్ళు తోముకున్నంత మామూలుగా ముక్కులో రోతమందు వేసుకునేవారు. రెండు చుక్కలు వేసుకుంటే ఎంత కంపైనా తెలిసేది కాదు, రోత పుట్టేది కాదు. అనకాపల్లిలో ఒక వృద్ధాశ్రమంలో ఆయాగా చేసే పైడితల్లికి అది లేనిదే పని నడిచేది కాదు.

ఒక మధ్యాహ్నం ఆమె ఇంటికొచ్చి, నిన్నటి చేపల పులుసు అన్నంలో కలిపి నాలుగేళ్ళ కూతురు హన్సికకు పెట్టింది. పిల్లలకు ఆ మందు వెయ్యరు. పాప ముద్ద ఉమ్మేసి మొహం తిప్పుకుంది.

"కంపు కొడతందమ్మా!"

పైడితల్లి రుచి చూసింది. తేడా ఏమీ తెలియలేదు.

"ఏషాలెయ్యకు, తినీ!" అని కసిరి, మరో నాలుగు ముద్దలు బలవంతంగా కుక్కింది.

సాయంత్రానికల్లా పాప వాంతులతో సోలిపోయింది. ఆసుపత్రిలో సెలైన్ ఎక్కుతున్నంతసేపూ పైడితల్లి వరండాలో ఒకచోట నిలవలేకపోయింది. పసిదానికి తెలిసిన కంపు ఆ మందు వల్ల తనకు తెలియకుండా పోయిందని ఆమెకు ఒకటే రంపపుకోత.

పాప తేరుకుంది. మందు వేసుకోనివాళ్ళను పనిలోంచి తీసేస్తారని తెలిసినా, పైడితల్లి వేసుకోకుండానే ఆశ్రమానికి వెళ్ళింది. మంచం పట్టిన అప్పలస్వామి తాత గుడ్డ విప్పగానే బయటికి పరుగెత్తి కక్కుకుంది. నోరు పుక్కిలించి, కొంగు ముక్కుకు చుట్టుకుని తిరిగొచ్చింది.

ముసలాయన సిగ్గుతో గోడవైపు తిరిగాడు. "మందేసుకోలేదేటమ్మా? ఇంత రోతలోకి మళ్ళీ ఎందుకొచ్చినావు?"

"నువ్వు తడిలో ఉన్నావు గదా తాతా," అంటూ ఆమె నీళ్ళబకెట్టు దగ్గరికి లాక్కుంది.