మేడమ్ పెట్టే తప్పు

"స్పెల్లింగేనా మేడమ్?"

"కాదు."

"పోనీ, మూడో లైను చివర ఆ చుక్క?"

"చుక్క పట్టుకుని వేలాడకయ్యా," అంది పెద్ద మేడమ్. గది గొల్లుమంది.

కంప్యూటర్ ఉద్యోగులకు కొత్త పనులు నేర్పడంలో ఆమెది ఇరవై ఎనిమిదేళ్ల అనుభవం. ఇప్పుడు ఆ శిక్షణ విభాగానికి ఆమే పెద్ద. ప్రతి పాఠంలోనూ కావాలని ఒక తప్పు దూర్చడం ఆమె అలవాటు. "నేను చెప్పానని నమ్మేవాళ్లు రేపు మెషిన్ చెప్పినా నమ్మేస్తారు," అనేది. తప్పు పట్టుకున్నవాళ్లకు ఆమె చేతిలోని మార్కరే బహుమానం. అందుకే ఆమె క్లాసులో ఎవరికీ కునుకు పట్టదు.

ఒక ఆస్పత్రి రికార్డులను పాత మెషిన్ నుంచి కొత్తదానికి మార్చడం ఆ రోజు పాఠం. సోమవారం ఈ బ్యాచ్ నిజంగా చేయబోయే పని కూడా అదే.

మధ్యాహ్నపు ఎండ తెరల సందుల్లోంచి జారి బల్లల మీద పరుచుకుంది. ప్రొజెక్టర్ జోకొడుతున్నట్టు సన్నగా రొద చేస్తోంది. మార్కర్ తనంతట తానే రాసుకుపోతోంది, మేడమ్ మనసెక్కడో తేలిపోతోంది. ఆమెకు హాయిగా ఉంది. ఎదుటి ముఖాల్లోకి పాత బ్యాచ్‌ల ముఖాలు వచ్చి కూర్చుంటున్నాయి. కిటికీ పక్కన నవ్వుతున్నవాడు ఇప్పటివాడో, పదేళ్ల కిందటివాడో! ఈ గదంటే ఆమెకు ప్రాణం. అరవై నిండుతున్నా ఇంకో మూడేళ్లు ఉండనివ్వమని ఏడాదిగా డైరెక్టరు చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. చివరికి ఉత్తర్వు వచ్చింది. సాయంత్రంలోగా సంతకం పెట్టడమే తరువాయి.

"మేడమ్..."

మూడో వరుసలో కళ్లద్దాల అమ్మాయి లేచింది. పది రోజులుగా నోరు విప్పని పిల్ల.

"నాలుగో మెట్టులో పాత కాపీ చెరిపేస్తున్నాం. కొత్త కాపీ సరిగ్గా వచ్చిందో లేదో ఐదో మెట్టులో చూస్తున్నాం. ఒకవేళ రాకపోయుంటే? రికార్డులన్నీ గల్లంతే కదా!"

మేడమ్ బోర్డు వైపు తిరిగి చాలాసేపు చూసింది. తర్వాత చప్పట్లు కొట్టింది. గదంతా అందుకుంది.

"కళ్లంటే ఇలా ఉండాలి! రా తల్లీ, సరిచేసి మిగతా పాఠం నువ్వే చెప్పు."

మార్కర్ ఆ పిల్ల చేతిలో పెట్టి, తాను వెళ్లి వెనక వరుసలో కూర్చుంది. అమ్మాయి మొదట తడబడినా, కాసేపటికి గొంతు స్థిరపడింది. మేడమ్ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, కొత్తగా చేరిన విద్యార్థిలా వింది.

సాయంత్రం డైరెక్టరు గదిలో ఉత్తర్వు సంతకం లేకుండానే ఆయన బల్ల మీదికి తిరిగొచ్చింది.

"ఇదేంటండీ? దీనికోసం ఏడాది నా ప్రాణం తోడేశారు కదా!"

"ఇక చాలు లెండి. ఆ కళ్లద్దాల అమ్మాయిని ట్రైనర్‌గా తీసుకోండి."

"తప్పు పట్టుకుందనా? ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు పట్టుకుంటూనే ఉంటారుగా!"

"ఇలాంటిది ఇంతవరకూ ఎవరూ పట్టుకోలేదండీ." ఆయనకు కనపడకుండా ఆమె మొహం తిప్పుకుని కళ్లు తుడుచుకుంది.

"అంత గడుసు తప్పు పెట్టారా ఏంటి?" అని నవ్వాడాయన.

ఆ పూట ఆమె పెట్టాల్సిన తప్పు ఇంకా పెట్టనే లేదు.