పలకని ట్రెబుల్

"వల్లాహి, దేవుడి మీద ఒట్టు, ట్రెబుల్ నాబ్ పనిచేస్తోంది తమ్ముడూ!" అన్నాడు హాజీ మిలూద్.

"మరి మార్పేదీ? తగ్గించినా అదే మోత, పెంచినా అదే మోత!" ఒళ్లోని బేస్ గిటార్ మీద, సన్నని కీచు స్వరాలను పెంచే ఆ నాబ్‌ను ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పుతూ విసుక్కున్నాడు బూజియాన్.

అల్జీరియాలోని ఒరాన్ నగరంలో, హాజీ నడిపే ఆ ఇరుకు వాయిద్యాల రిపేరు కొట్లో పొద్దున్నుంచీ ఇదే వాదన. రేపే పెళ్లి కచేరీ. "నీ గిటార్ శబ్దం చెడిపోయింది. బాగుచేయించుకునే రా, లేదా ఇంట్లోనే ఉండు" అని బృందం నాయకుడు ఖద్దూర్ తెగేసి చెప్పాడు. బూజియాన్ ఇల్లు గడిచేది పెళ్లిళ్ల మీదే.

హాజీ గిటార్ వెనక మూత విప్పి బ్యాటరీ మార్చాడు.

"నా నోటి దగ్గర రొట్టె ఎందుకు లాక్కుంటున్నాడు హాజీ ఆ దేవుడు?"

"ఆయన ఆలోచన మనకెలా అందుతుంది? నువ్వు వాయించు."

వాల్యూమ్ బాగుంది. మంద్ర స్వరాల బేస్ నాబ్ పెంచితే బల్ల మీది టీ గ్లాసులు వణికాయి. బూజియాన్ మొహం విప్పారింది. ట్రెబుల్ దగ్గరికి వచ్చేసరికి మళ్లీ మాడిపోయింది.

"దుప్పటి కప్పుకుని మూలిగినట్టుంది! కొత్త బ్యాటరీయేనా, ఎవరి గిటార్లోంచైనా పీకిందా?"

"మక్కా వెళ్లొచ్చి బ్యాటరీ దగ్గర మోసం చేస్తానట్రా!"

హాజీ గోడకున్న ఇంకో గిటార్ దించిచ్చాడు. బూజియాన్ ట్రెబుల్ పూర్తిగా పెంచి వాయించాడు. హాజీ చెవులు మూసుకుని మొహం చిట్లించాడు.

"ఇదీ చచ్చిందే! నీ కొట్లో బతికున్నది ఒక్కటైనా ఉందా?"

హాజీ స్పీకర్ కట్టేసి, లోపలి గదిలోంచి పంజరం తెచ్చి గుమ్మానికి వేలాడదీశాడు. అందులో ఎర్ర మొహం, పసుపు రెక్కల చిన్న పిట్ట. అపశ్రుతి చెవిన పడితే అదే నేర్చేసుకుంటుందని, వాయిద్యాలు పరీక్షించేటప్పుడు దాన్ని లోపలే ఉంచుతాడు.

ఎండ తగలగానే పిట్ట మెడ చాచింది. వీధిలో పోతున్న చేపలవాడు బండి ఆపి, కళ్లు మూసుకుని వింటూ నిలబడిపోయాడు. ఎదురింటి కిటికీ తెరుచుకుంది.

తెరుచుకుంటూ మూసుకుంటూ ఉన్న దాని ముక్కు వంక బూజియాన్ కాసేపు చూశాడు.

"అయ్యో పాపం! దీని గొంతు ఎప్పుడు పోయింది హాజీ?"