తలుపు తీసిన మనిషి

"ఉత్తర ధ్రువపు చలి దిగుతోంది, గాలి ఇళ్ళ కప్పులు లేపేసేలా ఉంది, గడప దాటొద్దు" అని సాయంత్రం నుంచీ రేడియో మొత్తుకుంటూనే ఉంది. ముసుగులేసుకుని ఇల్లిల్లూ తిరిగే క్రిస్మస్ రోజుల్లో న్యూఫౌండ్లాండ్ జనం ఆ మాట వింటారా? తలుపు చప్పుడు కాగానే, వంటింట్లో ఒక్కతే కేకు కోస్తున్న ఫిలమీనా పిన్ని "రండర్రా!" అని అక్కణ్ణించే కేకేసింది.

ముఖాలకి దిండు గలీబులు తొడుక్కుని నలుగురు గంతులేస్తూ వచ్చారు. పేరు కనిపెడితేనే ముసుగు తీయాలి. అదీ ఆట.

"ఆ బానపొట్ట సెల్బీది కాక ఇంకెవరిదిరా!" అంది పిన్ని. ఇల్లంతా నవ్వులే. లియాండర్, మార్తా కూడా దొరికిపోయారు. నాలుగోవాడు మాత్రం దొరక్కుండా పొయ్యి పక్కనే చిందులేస్తున్నాడు. అంత వేడిలోనూ వాడి బూట్ల మీది మంచు కరగలేదు.

"ఓడిపోయానర్రా! మీతో వచ్చిన ఈ మొండిఘటం ఎవరో మీరే చెప్పండి."

సెల్బీ నవ్వు ఆగిపోయింది. "మాతోనా? మీ చుట్టమేమో అనుకున్నాం పిన్నీ. మాకు తలుపు తీసింది ఈయనేగా!"

నాలుగోవాడు హుషారుగా వంగి, ఆడదాం రమ్మన్నట్టు పిన్ని వైపు చెయ్యి చాచాడు. ఆ అరచేతిలోనూ మంచు అలాగే ఉంది.