చెయ్యి ఎందుకు చాచింది?

వీడియో మళ్ళీ మొదలైంది. తెర మీద నెట్టా మళ్ళీ నవ్వింది. విల్మా కడుపు మళ్ళీ మండింది.

చేపల ఫ్యాక్టరీ భోజనాల హాలు నిండిపోయింది. యాక్సిడెంట్లు ఎందుకు జరిగాయో ఎలా కనుక్కోవాలి అన్నది నేర్పడానికి ఎడిన్‌బరో నుంచి రిచీ అనే మాస్టారు వచ్చాడు. పాఠానికి ఎక్కడివో వీడియోలు వెతకలేదు. పోయిన నెల ఈ ఫ్యాక్టరీ కెమెరాకి చిక్కినదాన్నే తీసుకున్నాడు. బొమ్మ తప్ప శబ్దం లేదు.

నెట్టా చేపలు కోసే మిషను ముందు నిలబడి ఉంటుంది. వెనక పనివాళ్ళు అటూ ఇటూ మసలుతుంటారు. కడగడానికని మూత తీసి ఉంటుంది గానీ బ్లేడు తిరుగుతూనే ఉంటుంది. ఉన్నట్టుండి ఆమె కుడిచెయ్యి మిషను మీదికి చాస్తుంది. రిచీ సరిగ్గా అక్కడ ఆపేస్తాడు. తర్వాత జరిగింది ఎవరికీ చూపించడు.

"మూడు వేళ్ళు పోతే పోయాయి గానీ, దీని వైభోగం చూడవే," అంది విల్మా పక్కావిడతో. "ఇప్పుడు సినిమా తార కూడాను!"

నెట్టాకి కత్తి పట్టడం నేర్పింది విల్మా. లైను లీడరు అయ్యింది మాత్రం నెట్టా. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు. ఆ కొమ్ములు రోజూ గుచ్చుకుంటుంటే ఎలా ఉంటుందో విల్మాని అడగాలి. నెట్టా ఆసుపత్రిలో పడ్డాక ఆ పదవి విల్మాకి ఇచ్చారు, అదీ తాత్కాలికంగా. ఆ మాట తలుచుకుంటేనే ఆమెకి ఒళ్ళు మంట.

ఇవాళ్టితో అదీ తేలిపోతుంది. ఈ తరగతి ఏ కారణం చెబితే అదే యజమానికి వెళ్తుంది. నెట్టాది అజాగ్రత్త అని తేలితే ఇక ఆమె ఆ లైన్లో అడుగు పెట్టదు.

"ఎందుకు చాచింది?" అడిగాడు రిచీ. "మనిషిదే తప్పు అనేసి చేతులు దులుపుకోవడం తేలిక. వేళ్ళు పోగొట్టుకుందామని ఎవరూ పనికి రారు. ఆ క్షణంలో ఆవిడకి అది సబబుగానే తోచింది. ఎందుకు తోచింది?"

"నిద్ర చాలకేమో," అన్నారొకరు.

"చేప ఇరుక్కుందేమో, లాగబోయింది."

"అక్కడ చేపే లేదు, సరిగ్గా చూడండి," అన్నాడు రిచీ. ముందు వరసలో కూర్చున్న నెట్టా వైపు తిరిగాడు. "మీకేమైనా గుర్తుందా అమ్మా?"

నెట్టా కట్టు చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. "లేదండీ. పాట పాడుకుంటున్నాను. అంతవరకే గుర్తు."

హాలంతా అయ్యో అంది. ఫోర్‌మన్ సాండీ లేచి వెళ్ళి ఆమెకి టీ తెచ్చిచ్చాడు. పాతికేళ్ళలో విల్మాకి ఒక్కనాడైనా టీ తెచ్చిన పాపాన పోలేదు.

విల్మా ఇక పట్టలేకపోయింది.

"ఎందుకండీ ఈ నాన్చుడు? అందరూ చూస్తున్నారుగా. ఎవరైనా తోశారా? చెయ్యి పట్టుకు లాగారా? తనే పెట్టింది. ఒళ్ళు తెలియకుండా పనిచేస్తే ఇంతే మరి."

"విల్మక్క అన్నది నిజమే," అంది నెట్టా మెల్లగా. "నా తప్పే అయ్యుంటుంది."

విల్మాకి ప్రాణం లేచొచ్చింది. తప్పు ఒప్పుకుంటూ కూడా మంచిదనిపించుకోవడం దీనికే చెల్లిందని లోపల తిట్టుకుంది.

అందరూ తలలూపారు. రిచీ నిట్టూర్చి బోర్డు మీద 'అజాగ్రత్త' అని రాశాడు. తెర పైకి చుట్టబోయాడు. అది సగంలో బిగుసుకుపోయింది. ఎంత లాగినా కదల్లేదు.

"ఛీ! పంది! ఒట్టి పందిరా ఇది!" అని తెరని విసుక్కున్నాడు రిచీ.

హాల్లో ఉన్న చేతులన్నీ ఒక్కసారిగా కదిలాయి. కొన్ని బల్లల ఇనప కాళ్ళు పట్టుకున్నాయి, కొన్ని కుర్చీలు తడిమాయి. "చల్లటి ఇనుము! చల్లటి ఇనుము!" అని అందరూ గొణిగారు. నెట్టా కట్టు చెయ్యి కూడా బల్ల ఇనప అంచుకి వెళ్ళింది.

రిచీ బిత్తరపోయాడు. "ఏమైంది మీకందరికీ?"

సాండీ సిగ్గుపడుతూ నవ్వాడు. "పట్నంవాళ్ళు, మీకు తెలీదులెండి. ఆ జంతువు పేరు మా రేవులో ఎవరూ ఎత్తరు. ఎత్తితే పడవలకి అరిష్టం. చెవిన పడిందా, చేతికందిన ఇనుము ముట్టుకోవాల్సిందే. మేం ముట్టుకునేదేముంది, చెయ్యి దానంతటదే పోతుంది."

అనేసి సాండీ ఠక్కున నోరు మూసుకున్నాడు.

రిచీ బలమంతా పెట్టి తెర కిందికి లాగి, వీడియో వెనక్కి తిప్పాడు. ఈసారి అతను బొమ్మని ఆపింది నెట్టా చెయ్యి చాచిన చోట కాదు. అంతకు క్షణం ముందు, నెట్టా వెనక నిలబడి ఆమె చెవి దగ్గరికి వంగిన విల్మా పెదవులు కదిలిన చోట.