ఉమ్మడి గొర్రె

మా కంపెనీ క్లౌడ్ ఖాతాలన్నీ కలగూరగంపలా ఉండేవి. ఏది ఎవరిదో తేల్చి, విభాగాలవారీగా సర్దే పని మేనేజరు నాకు అప్పజెప్పాడు.

అమ్మకాలవి అమ్మకాలకి, గోదాములవి గోదాములకి చేర్చాను. "మాది కాదు" అని మొండికేసినవాళ్ళకి వాళ్ళ పాత మెయిళ్ళే చూపించి ఒప్పించాను. చివరికి ఒక్క ఖాతా మిగిలింది. అన్ని విభాగాలూ వాడుకునేదే, కానీ ఎవరూ నెత్తిన వేసుకోరు.

"దీన్నేం చేద్దాం సార్? అందరిదీ కదా."

"అందరిదీ అంటే ఎవరిదీ కాదమ్మా. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని ఊరికే అన్నారా? మూసెయ్."

ఆ మాట నాకు తెగ నచ్చింది. కొత్త నిబంధనల్లో మొదటి వాక్యంగా రాసుకున్నాను. లోపలున్నవి ఎవరివి వాళ్ళకి పంచేసి, ఖాతా మూసేశాను.

మర్నాడు మేనేజరు తన గదిలోకి పిలిచి కూర్చోమన్నాడు. ఎప్పుడూ నిలబెట్టే మాట్లాడే మనిషి.

"నీ పద్ధతి పైవాళ్ళకి బాగా నచ్చింది. ఇక మనుషుల్ని కూడా అలాగే సర్దమన్నారు. నువ్వు ఎవరి కిందికొస్తావని అన్ని విభాగాలనీ అడిగాను."

"ఏమన్నారు సార్?"

ఆయన కళ్ళజోడు తీసి, తీరిగ్గా తుడుచుకున్నాడు.

"నిన్ను మెచ్చుకోనివాళ్ళు లేరమ్మా. ఆవిడ మా అందరి మనిషి, అన్నారు."