విమానం ఎక్కాల్సిన తుపాకి

"ఈ పెట్టె విమానం ఎక్కదమ్మా. పక్కకు జరగండి, వెనక జనం ఉన్నారు."

కౌంటర్లో ఉద్యోగి ఆ మాట సంతోషితో అన్నాడు గానీ, చూపు మాత్రం ఆమె వెనక నిలబడ్డ అన్న సంపత్ మీద పెట్టాడు. పొడవాటి నల్లపెట్టె, లోపల రైఫిలు అనగానే అది మగాడిదే అయ్యుంటుందని అతనికి ఎవరు చెప్పారో!

"నేను జరగ," అంది సంతోషి. "తుపాకి నాది. లైసెన్సు నా పేరు మీదుంది. నాతోని మాట్లాడు."

"తుపాకులు విమానంలోకి..."

"నా పక్క సీట్ల కూసోపెట్టుమంటున్ననా? కింద సామాన్లల్ల వెయ్యమంటున్న. ఖాళీ తుపాకి, తాళమేసిన పెట్టె. తూటాలు వేరే డబ్బాల ఉన్నయి. నీకు రూలు తెల్వకపోతే మీ పెద్దసార్‌ను పిలువు."

అతను గొంతు తగ్గించాడు. "మీ నాన్నగారు కూడా వచ్చుంటే బాగుండేది."

"ఇరవై మూడేండ్లు నాకు. నా తుపాకికి మా బాపెందుకు?"

"బాపు రాడు సార్," అన్నాడు సంపత్, తనను ఎవరూ అడగకపోయినా. "ఆడపిల్లకు తుపాకేందని, ఆ పెట్టెను ముట్టనని ఒట్టు పెట్టుకున్నడు. మేం బయలెల్లేటప్పుడు ఇంట్లకెల్లి బయటికి కూడ రాలే."

"అన్నా, జర నోరు మూస్తవా?"

మర్నాడు పొద్దునే భోపాల్‌లో జాతీయ షూటింగ్ జట్టు ఎంపిక. ఈ విమానం తప్పితే అందుకునే దారి లేదు, ఏడాది కష్టమంతా బూడిదపాలే. వెనక జనం గొణిగారు, సణిగారు. "తుపాకట!" అంటూ ఒకావిడ పిల్లను దగ్గరకు లాక్కుంది. లాక్కోనీ. సంతోషి కదిలితే ఒట్టు!

చివరికి భద్రతా అధికారి ఖైజర్ వచ్చాడు. నెమ్మదస్తుడు. పెట్టె తెరిపించాడు, కాగితాలు చూశాడు, తుపాకి ఖాళీగా ఉందో లేదో చూసుకున్నాడు. "అన్నీ సరిగ్గానే ఉన్నాయి" అన్నాడు. అప్పుడు సంతోషి కౌంటర్ వైపు చూసిన చూపుంది చూశారూ, పాపం ఆ ఉద్యోగి తల కంప్యూటర్లో దూర్చేశాడు.

ఆ సంబరం ఎంతోసేపు నిలవలేదు. పెట్టెనూ తుపాకినీ చిన్న గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను పేలుడు మందు జాడ పట్టే యంత్రంలో పెట్టారు. యంత్రం కుయ్యిమంది. మళ్లీ తుడిచారు. మళ్లీ కుయ్యిమంది.

ఖైజర్ ముఖం మారింది. "ఇది తూటాల మందు కాదు. రాళ్లు పేల్చే మందు. భుజానికి ఆన్చే చెక్కకు అంటి ఉంది. దీన్ని పంపలేను."

"పోదాం పా చెల్లె." సంపత్ ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. "బాపు గిందుకే వద్దన్నడు."

ఆమె చెయ్యి విదిలించుకుని పెట్టె పక్కనే నేల మీద కూర్చుంది. "నేనేం తప్పు చెయ్యలే. నా తుపాకి ఎక్కినంకనే లేస్త. కావాలంటే పోలీసులను పిలువుర్రి."

ఖైజర్‌కు కోపం రాలేదు. ఆ మొండితనం ముచ్చటేసినట్టుంది, వంగి నెమ్మదిగా అడిగాడు. "మీ ఇంట్లో అలాంటి మందు పట్టుకునేవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

"మా బాపు ముత్యం. గోదావరిఖనిల బొగ్గుబాయిల షాట్‌ఫైరర్. మందు పెట్టి బొగ్గు పేల్చుడే ఆయన డ్యూటీ. కని ఆయన దీన్ని ముట్టడు సార్. ఒట్టు పెట్టుకున్నడు. దీని దిక్కు కన్నెత్తి కూడ చూడడు."

"యంత్రానికి మీ ఒట్లు తెలియవమ్మా. ఫోన్ చెయ్యి. నాకూ వినబడేట్టు పెట్టు."

పైన మైకులో భోపాల్ విమానం ఎక్కమని పిలుపు మొదలైంది. ముత్యం మొదటి రింగుకే ఫోన్ ఎత్తాడు.

"బాపూ, నా తుపాకి ముట్టినవా?"

"నేనెందుకు ముడ్త? నాకేం పని?"

"నిజం చెప్పు. దాని మీద నీ మందు దొరికింది. ఆపిన్రు. ఇటు విమానం పోతాంది."

ఫోన్ కట్టయిందేమోనని సంతోషి తెర వంక చూసింది.

"రోజూ తుడుస్తున్న బిడ్డా," అన్నాడు ముత్యం చివరికి. "డ్యూటీ దిగి వచ్చినంక, నువ్వు పండుకున్నంక. తాళంచెవి యాడ పెడ్తవో నాకెరుకే గద. తేమకు తుప్పు పడ్తే గురి తప్పుతదని ఎవలో అన్నరు. చేతులు సబ్బు పెట్టి కడుగుతనే ఉన్న. గిట్ల అయితదని నాకేం ఎరుక?"

సంతోషికి ఏడుపొచ్చింది. ఇంతసేపూ ఎవరికీ లొంగని పిల్ల అందరి ముందే బావురుమంది.

ఖైజర్ ఫోన్ దగ్గరకు వంగాడు. "ముత్యంగారూ, మీ మాట నేను నమ్ముతాను. కానీ ఉత్త మాట మీద పంపలేను. మీ డ్యూటీ కార్డు చూసి, మీ చేతులు ఇదే యంత్రంతో పరీక్ష చేస్తే సంగతి తేలిపోయేది. ఏం లాభం, మీరు గోదావరిఖనిలో ఉంటిరి!"

ముత్యం గొంతు ఖంగుమంది. "గోదావరిఖనిల ఎవడున్నడు సారూ? వాళ్ల కారు ఎనుకనే బస్సెక్కి వచ్చిన, గేటు కాడ మీ జవాను నన్ను లోపలికి రానిస్తలేడు. రెండు చేతులు చూస్కోర్రి, కార్డు చూస్కోర్రి, కని నా బిడ్డ విమానం ఎక్కేదాక నేను గిక్కడికెల్లి కదల!"