బాల్‌రాజ్ హాజరు

తాండూరు నాపరాళ్ల పాలిష్ యూనిట్‌లో పనిచేసే బాల్‌రాజ్ చనిపోయి రెండు నెలలైంది. అయినా రోజూ పొద్దున ఎనిమిదింటికి పనికి వస్తూనే ఉన్నాడు.

కంప్యూటర్ అలాగే చెబుతోంది మరి!

సంగతేమిటో చూడడానికి వికారాబాద్ నుంచి కంప్యూటర్లు చూసే మల్లికార్జున్ వచ్చాడు. "దొంగ హాజరు వేస్తున్నదెవరో పట్టుకో. సాయంత్రానికల్లా ఆ పేరు తీసెయ్" అని యజమాని ఫోన్లో మండిపడ్డాడు. విచిత్రమేమిటంటే, ఆ హాజరుకు జీతం మాత్రం ఎవరూ తీసుకోలేదు.

ఆఫీసు ఊడుస్తున్న నాగరాణి చీపురు పక్కన పెట్టింది. "గీ కంప్యూటర్ల ఒక మనిషి పేరు ఎన్ని తాన్ల ఉంటది సార్?"

అడిగేవాళ్లు దొరికితే మల్లికార్జున్‌కు ఎక్కడలేని హుషారు.

"మూడు డేటాబేస్‌లమ్మా. గేటు దగ్గరి మిషన్‌ది హాజరు డేటాబేస్. వేలు పెడితే చాలు, పైకి వినబడేలా పేరు పిలిచి టైమ్ రాసుకుంటుంది. మనిషి ఉన్నాడా పోయాడా అని అడగదు. రెండోది ఉద్యోగులది. ఎవరు ఏ పనిలో ఉన్నారు, ఎప్పుడు చేరారు, ఎన్ని సెలవులు, అన్నీ అందులోనే. మూడోది పాతది. మానేసినవాళ్లు, పోయినవాళ్లు అందులోకి వెళ్తారు. బాల్‌రాజ్‌ను రెండోదాంట్లోంచి మూడోదాంట్లోకి మార్చారు. మొదటిదాంట్లో తీసెయ్యడం మరిచిపోయారు."

"పాతదాంట్ల ఉంటె పేరు పిలుస్తదా?"

"పిలవదు. వెతికితే చూపిస్తుంది, అంతే."

ఆమె ముఖం వాడిపోయింది. "గట్లయితె మిషన్ల తియ్యకుండ్రి సార్. ఎవ్వరికేం నష్టం? పొద్దుగాల గేటు కాడ నేనే ఊడుస్త. దొంగలెవ్వరు రారు."

మల్లికార్జున్‌కు అనుమానం వచ్చింది. "ఎవరిని కాపాడుతున్నావమ్మా?"

"కాపాడెతందుకు ఎవరు మిగిలిండ్రు సార్?"

చీపురు అందుకుంటూ ఆమె కళ్లు తుడుచుకోవడం అతను చూశాడు. మనసు చివుక్కుమంది. కానీ యజమాని మాట కాదనలేడు కదా. పేరు తీసేశాడు.

వెళ్తూ వెళ్తూ గేటు దగ్గర వాచ్‌మన్ మల్లప్పతో అన్నాడు. "దొంగ దొరకలేదు గానీ, రేపటి నుంచి ఆ మిషన్ బాల్‌రాజ్ పేరు పిలవదు."

మల్లప్ప ఆఫీసు వైపు చూశాడు.

"రాళ్లకు పాలిష్ పట్టి పట్టి బాల్‌రాజ్ వేళ్ల గీతలు అరిగిపోయినయ్ సార్, అందుకే మిషన్ పెట్టిననాడే ఆయన పేరు మీద ఆయన పెండ్లాం నాగరాణి వేలు ఎక్కించినం."